కోటప్పకొండ నడకలో నా కోలాటం జోడీ

శివరాత్రికి కోటప్పకొండకు నడిచి వెళ్దామని మాచర్లలో మా వీధి ఆడవాళ్ళం తెల్లవారుజామునే బయలుదేరాం. ఉన్నమాట చెప్పేస్తాను. నాకు స్వామి మీద భక్తి ఎంతో, సాయంత్రం బసల్లో ఆడే కోలాటం మీద పిచ్చీ అంతే. అందులో నా జోడీ పక్కింటి సులోచన. మేమిద్దరం కోలలు పడితే దారినపోయేవాళ్ళు ఆగి చూడాల్సిందే.

మొదటి బస రెంటచింతల. శివరాత్రి రాకముందే అక్కడ ఎండ మాడ్చేస్తుంది. చర్చి వీధిలో ఒక టీచరమ్మ తన వాకిట్లో చోటిచ్చి, మజ్జిగ పోసి, మెట్ల మీద కూర్చుని మా ఆట చూసింది. "మీరిద్దరూ అక్కచెల్లెళ్ళా?" అని అడిగింది. ఆ మాటతో నా కాళ్ళనొప్పులు ఎటుపోయాయో!

మర్నాడు గురజాలలో సులోచన వియ్యపురాలు వచ్చి కలిసింది. జరీ అంచు చీర, చేతిలో కొత్త కోలలు. ఆ సాయంత్రం సులోచన నా వంక చూడనైనా చూడకుండా, "వదినగారూ, మీరు నాతో ఆడండి" అంది. నా కడుపు మండిపోయింది. నాకేమో నాలుగు అడుగులకే కూలబడే లక్ష్మమ్మ పిన్ని మిగిలింది.

"ఏందే, మొహం అట్టా పెట్టావు?" అంది పిన్ని.

"ఎండకి" అన్నాను. అప్పటికి పొద్దు గూకింది.

పిడుగురాళ్ళలోనూ అదే తంతు. ఇడ్లీలోకి చట్నీ కూడా ముందు ఆవిడకే. నరసరావుపేట సత్రంలో ఆవిడ పాదాలకు సులోచన కొబ్బరినూనె రాస్తుంటే చూడలేక గోడవైపు తిరిగాను. నా బొబ్బలు ఎవరికి పట్టాయి?

కొండ కింద చివరి సాయంత్రం జడకోలాటం. వేపకొమ్మకు రంగుతాళ్ళు కట్టి, తలా ఒకటి పట్టుకుని లోపలికీ బయటికీ తిరుగుతూ ఆడితే పైన తాళ్ళు జడలా అల్లుకుంటాయి. ఒక్కరు అడుగు తప్పినా అంతా చిక్కే. నా చూపంతా ఆ ఇద్దరి మీదే ఉంది. బయటికి పోవాల్సినదాన్ని లోపలికి దూరాను. నా తాడు సులోచన తాడుకు మెలిపడింది. పాట ఆగింది, జనం నవ్వారు.

ఇద్దరం చిక్కు విప్పుతుంటే, "కళ్ళు యాడ పెట్టుకున్నావే?" అంది సులోచన చిన్నగా.

"మీ వదినగారి మీద."

"నీ కుళ్ళు తగలెయ్య! నా కూతురుకి తొలికాన్పే. పుట్టింటికి పంపమంటే ఆమె మాట దాటేస్తంది. అందుకే గదా ఈ సేవలన్నీ!"

చిక్కు విప్పి, తన తాడు తన చేతికిచ్చాను. కుళ్ళు తగ్గిందా అంటే, అదీ లేదు.

తిరుగు ప్రయాణం బస్సులో. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ డబ్బుల్లేవు, కాబట్టి నిలబడటానికీ చోటు లేదు. అయినా కండక్టర్ చేత తిట్లు తింటూ, నా పక్క సీట్లో సంచి పెట్టి సులోచన కోసం కాపు కాశాను. సులోచనేమో ముందు సీట్లో వియ్యపురాలి పక్కనే కూర్చుంది. గురజాలలో ఆవిడ దిగి, సులోచన కిటికీ దగ్గరికొచ్చింది. "వచ్చే ఆదివారం వచ్చి అమ్మాయిని తీసకపోండి వదినగారూ" అంది.

సులోచన కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, నా సంచి నా ఒళ్ళో పడేసి కూర్చుంది. రెంటచింతల రాకముందే నా భుజం మీద తల వాల్చింది. ఎండా బొబ్బలూ ఎన్ని ఉన్నా, సాయంత్రాల కోసమైనా ఈ నడక నడవాలి, ఎవరైనా సరే. వచ్చే ఏడు ఏ రంగు తాడు పట్టుకోవాలా అని ఆలోచిస్తున్నాను.

"వచ్చే ఏడు నేను రాలేనే" అంది సులోచన కళ్ళు తెరవకుండానే. "పసిబిడ్డ ఉంటది గదా."

ఇంకా పుట్టనైనా పుట్టని ఆ బిడ్డ మీద మాచర్ల దాకా కుళ్ళుకుంటూనే ఉన్నాను. భుజం మాత్రం కదపలేదు.