మగ్గాలు ఆగితే గుండ్రంగా వచ్చిన చుక్కలు

నాకు నలభై ఐదు దాటాక టెలిస్కోపు పిచ్చి పట్టింది. నగరిలో మాది రెండంతస్తుల ఇల్లు. కింద అన్న రాత్రీ పగలూ పవర్‌లూమ్ మగ్గాలు నడుపుతాడు. పైన మేముంటాం. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను.

మొదట అందరూ చేసే తప్పే చేశాను. గొట్టం ఎంత పెద్దదైతే అంత మంచిదనుకుని ఎనిమిదంగుళాల అద్దమున్నది కొన్నాను. దాన్ని మోసే మౌంటు గురించి ఆలోచించలేదు. ఫొటో తీసినంతసేపూ చుక్కల వెంట గొట్టాన్ని మెల్లగా తిప్పాల్సింది అదే. నా మౌంటు ఆ బరువుకు గాలి వీస్తేనే ఊగేది. చుక్కలన్నీ గీతలై వచ్చేవి.

బలమైన మౌంటు తెప్పించాను. దాన్ని మిద్దె మీదికి మోసేసరికి నడుము పట్టేసేది. మర్నాడు బడి ఉండదని శనివారాలే కూర్చునేవాణ్ణి. గీతలు పోయాయి కానీ, చుక్కల అంచులు చెదిరే ఉండేవి. ధ్రువనక్షత్రానికి మౌంటు గురి మళ్లీ మళ్లీ సరిచేశాను, మరలు బిగించాను, చివరికి కెమెరా కూడా మార్చాను. రెండేళ్లు అలాగే పోయాయి. కొన్ని శనివారాలు గొట్టం మూత తీయకుండానే కిందికి దించేవాణ్ణి.

చలికాలంలో ఒక అమావాస్య శనివారం పడింది. అమావాస్య నాడు మా ఇంట్లో మగ్గాలు నడపరు. రాత్రి ఎనిమిదికి తీసిన మొదటి ఫొటోలోనే చుక్కలు ఆవగింజల్లా గుండ్రంగా వచ్చాయి. చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను. సంతోషం కలగలేదు. రెండేళ్లు ఊరికే పోయాయనిపించింది.

కిందికి వెళ్లి అన్నతో చెప్పాను. "మగ్గాలు తిరిగితే మిద్దె అదురుతా ఉండాదన్నా. అది మనకు తెలియడం లేదు, కెమెరాకు తెలుస్తా ఉండాది."

అన్న అన్నం కలుపుతూ ఆగాడు. "రెండేండ్లుగా దీనికేనా తిప్పలు పడినావు? ముందే సెప్పకూడదా?"

"సెప్తే ఆపుతావా?"

"ఆపను. పెరట్లో ఇంకో తావు సూసేవాళ్లం కదా."

అంత మామూలుగా అన్నాడు. మరుసటి వారం పెరట్లో గుంత తవ్వించి, ఇంటి గోడకు తగలకుండా సిమెంటు దిమ్మె కట్టించాడు. అక్కడ కొబ్బరి చెట్లు సగం ఆకాశాన్ని కప్పేస్తాయి. పెద్ద గొట్టం అమ్మేసి, ఒంటి చేత్తో ఎత్తగలిగే చిన్న లెన్సు టెలిస్కోపు తెచ్చుకున్నాను. నా వయసుకూ నా నడుముకూ మొదటే అది కొనవలసింది.

ఇప్పుడు మగ్గాలు రాత్రి పనివాళ్లకు అప్పగించి అన్న ఒక్కోసారి వచ్చి పక్కన కుర్చీ వేసుకుంటాడు. మగ్గాల మోతకు చెవులు మందగించాయి కాబట్టి గట్టిగా మాట్లాడాలి. మొన్న కెమెరా తెర మీద ఎర్రటి మబ్బులాంటిది కనిపిస్తే, "ఇది యాడుండాది?" అని అడిగాడు. వేటగాడి ఆకారంలో ఉండే చుక్కల గుంపులో నడుము కింద అని వేలెత్తి చూపించాను. నా వేలి వెంట చూసి, "ఉత్త కంటికి ఏమీ లేదే" అన్నాడు.

"ఉండాది. సానాసేపు సూస్తేనే కెమెరాకైనా కనబడేది."

తిరిగి చూస్తే అన్నకు కుర్చీలోనే కునుకు పట్టింది. ఫొటో పూర్తి కావడానికి ఇంకా నలభై నిమిషాలుంది. నేనూ కళ్లు మూసుకున్నాను.