ఆది జాకెట్టు తీసుకోబడదు

నాకు కుదురు లేదన్నది మా ఇంట్లో అందరూ ఒప్పుకున్న విషయం. టీ నిలబడే తాగుతాను. సీరియల్ చూస్తూ చూస్తూ మధ్యలో లేచి బాత్రూమ్ కడిగి వస్తాను. "అమ్మా, ప్లీజ్, జస్ట్ సిట్ డౌన్!" అంటుంది ఈ ఇంగ్లీషు దేశంలోనే పుట్టి పెరిగిన మా అమ్మాయి. ఊరికే కూర్చుంటే నాకు ఒళ్లు మండుతుంది.

యాభై దాటాక వ్యాపారంలో దిగడానికి కారణం ఆ మంటే తప్ప గొప్ప ఆశయమేమీ కాదు. హేస్‌లో విమానాలకు భోజనం ట్రేలు సర్దే చోట ఏళ్ల తరబడి పనిచేశాను. డ్యూటీ పట్టీ, అదే రోటా, ఎప్పుడంటే అప్పుడు లేవడం, ఎవరో చెప్పిన వరుసలో చెంచా, గిన్నె, న్యాప్‌కిన్ పెట్టడం. ఆ విసుగులోనే మొదట హౌన్స్‌లోలో ఉండే చదువుకునే పిల్లలకు క్యారేజీలు పంపాను. పరీక్షలొస్తే తినరు, సెలవులొస్తే ఉండరు. తర్వాత మా ముందుగదిలో చీరలు అమ్మాను. వచ్చినవాళ్లు మడతలన్నీ విప్పించి, టీ తాగి, మళ్లీ వస్తామని వెళ్లారు. మూడోసారి జాకెట్లు కుడతానంటే మా ఆయన పేపర్లోంచి తల కూడా ఎత్తలేదు.

"కానివ్వు. కూరలూ చూశాం, చీరలూ చూశాం. జాకెట్లు కూడా చూద్దాం" అన్నాడు.

హౌన్స్‌లోలో ఒక పంజాబీ ఆవిడ బ్యూటీ పార్లర్ వెనకాల చిన్న గది దొరికింది. పార్లర్‌కీ గదికీ మధ్య తలుపు లేదు, కర్టెన్ ఒక్కటే. జాకెట్లు ఇండియాకి పంపి కుట్టించుకునే వాళ్లంతా నా దగ్గరికి వస్తారని అనుకున్నాను. వచ్చారు కూడా. గొడవంతా వచ్చాకే మొదలైంది.

మన ఆడవాళ్లు ఒంటికి టేపు తగలనివ్వరు. కొలతకని పాత జాకెట్టు ఒకటి తెచ్చి చేతిలో పెడతారు. "ఇదిగో ఆది. అచ్చం ఇలాగే ఉండాలి" అంటారు. ఆ ఆది ఏ కాలం నాటిదో! పెళ్లైన కొత్తలోనో, మొదటి కాన్పుకి ముందో బాగా కుదిరిందని బీరువాలో దాచుకున్నది. జాకెట్టు అలాగే ఉంది, మనిషి మారింది. నేను అచ్చం అలాగే కుట్టేదాన్ని. వారం తిరక్కుండా హుక్కులు అందడం లేదని తిరిగొచ్చేవి. తప్పు నాదేనన్నట్టు ఊరికే విప్పి వదులు చేసివ్వాలి. కొత్త గుడ్డ మీద కత్తెర పెట్టడం కంటే పాత కుట్లు విప్పడమే నా పనైపోయింది.

నాకసలే తిక్క. ఒకరోజు అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి కర్టెన్‌కి గుచ్చాను: "ఆది జాకెట్టు తీసుకోబడదు. కొలతలు ఇక్కడే ఇవ్వవలెను." దాంతో వచ్చేవాళ్లు తగ్గారు. ఆ వచ్చిన ఒకరిద్దరు కూడా నేను టేపు తీసి మొదలుపెట్టగానే ఏదో పని గుర్తొచ్చినట్టు వెళ్లిపోయేవారు.

అలాంటి రోజుల్లో హేస్ నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. నాకంటే నాలుగైదేళ్లు పెద్దది, చిన్నకొడుకు పెళ్లి. ఆది తెచ్చింది, వద్దన్నాను. మొహం మాడ్చుకునే నిలబడింది. ఛాతీ చుట్టూ టేపు వేసి, ఎప్పటిలాగే కొలత గట్టిగా చదివాను. నేను కుట్టుపని నేర్చుకున్న చోట మాస్టారు అంకె చెబితే పక్కనున్నవాళ్లు రాసుకునేవారు. పక్కన ఎవరూ లేకపోయినా పైకి అంటేనే నాకు గుర్తుంటుంది.

"ఏంటమ్మా, అంత ఉన్నానా నేను? నీ టేపు సాగిపోయినట్టుంది!" అంటూ కోటు తీసుకుని గిరుక్కున తిరిగింది.

"టేపు కొత్తదే వదినగారూ!" అని వెనకనుంచి అరిచాను. పార్లర్‌లో అద్దాల ముందున్న తలలన్నీ ఇటు తిరిగాయి.

ఆ సాయంత్రమే పంజాబీ ఆవిడ నన్ను పిలిచింది. కనుబొమలు దిద్దే అమ్మాయెవరో గది అడుగుతోందనీ, ఉంచుకుంటానో లేదో నెలాఖరుకల్లా చెప్పమనీ అంది. అటు నేనింకా అప్పుడప్పుడూ వెళ్తున్న ట్రేల దగ్గర సూపర్‌వైజర్ కూడా పూర్తి రోటాకి వస్తావా, మానేస్తావా అని అడుగుతున్నాడు. ఈ వయసులో నాలుగోది మొదలుపెట్టే ఓపిక నాకు లేదు. ఈ గది పోతే ఇక ట్రేలే. నిజంగా భయపడ్డాను.

కాలుకాలిన పిల్లిలా తిరిగాను. నూనె వేసిన మిషన్‌కే మళ్లీ నూనె వేశాను. పనికిరాని గుడ్డముక్కలకు ఇస్త్రీ చేశాను. "పోతే పోయిందిలే, కాస్త నడుం వాల్చు" అన్నాడు మా ఆయన. ఆ జాలి చూస్తే ఇంకా మండింది. వెక్కిరించినా బాగుండేది.

అప్పుడు ఆ హేస్ ఆవిడే మళ్లీ వచ్చింది. కర్టెన్ తోసుకుని లోపలికొచ్చి, కోటు తీసింది, స్వెటర్ తీసింది. గుసగుసగా అంది:

"కొలుచుకో. ఎంతన్నది మాత్రం పైకి అనకు."

కర్టెన్ అవతల హెయిర్ డ్రయ్యర్లు ఆగినప్పుడల్లా ఆడవాళ్ల మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి. ఇన్నాళ్లూ నా గొంతు అటు ఎలా వినిపించి ఉంటుందో అప్పుడు గానీ నా బుర్రకి తట్టలేదు. పెదవులు బిగించి కొలిచాను. మర్చిపోతానేమోనని టేపు పట్టుకున్నది పట్టుకున్నట్టే లైనింగ్ గుడ్డ మీద పరిచి, సుద్దతో గీతలు పెట్టుకున్నాను.

నెలాఖరు రోజున ఆవిడ తొడిగి చూసుకోవడానికి వచ్చింది. హుక్కులన్నీ పెట్టుకుని అద్దం ముందు నిలబడింది. నేను గుండుసూదులు పట్టుకుని పక్కన నిలబడ్డాను. ముందు కుడిచెయ్యి మెల్లిగా పైకెత్తింది. తర్వాత రెండు చేతులూ తలపైకి ఎత్తి అలాగే ఉంచింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మా పెద్దాడి పెళ్లిలో అక్షింతలు వెయ్యడానికి చెయ్యి లేవలేదమ్మా. చంకలో ఎక్కడ పిగులుతుందోనని భయం. పక్కావిడ దోసిట్లో పోసి, నా బదులు వెయ్యమన్నాను."

చేతిలోని గుండుసూదులు తిరిగి డబ్బాలో వేసేశాను. ఆవిడ వెళ్లాక పార్లర్‌లోకి వెళ్లి, గది నేనే ఉంచుకుంటానని పంజాబీ ఆవిడకు చెప్పాను. కస్టమర్లు దొరికారా అని అడిగింది.

"ఒకావిడ ఉంది" అన్నాను.