మా కోడలి కామెర్లు, నేను దాచిన మాత్రలు

కూర్చోవే ఇక్కడ. ఆ ఫోను బోర్లా పెట్టి సరిగ్గా విను. నేను చెప్పింది చెప్పినట్టు రాయి, నీ కాలేజీ తెలుగులోకి మార్చకు. మన సంఘం పత్రికలో వేస్తామని పాస్టరమ్మగారు అడిగారు. చదివేది వరి ఊడుపులకి వెళ్ళే ఆడవాళ్ళే. వాళ్ళకి అర్థమవ్వాలి.

మాది రామచంద్రపురం దగ్గర పల్లె. ఇంట్లో నేను, నా కొడుకు, కోడలు సువార్త. మనవరాలు హాస్టల్లో ఉండేది. అంటే నువ్వే, నీ పేరు రాయక్కర్లేదులే.

నిరుడు సార్వాకి, అదే వానాకాలం పంటకి, వానలు తెరిపి లేకుండా పడ్డాయి. చేలల్లో నీళ్ళు నిలిచిపోయాయి, గట్ల నిండా ఎలుక బొరియలు. సువార్త పది రోజులు వరసగా ఊడుపులకి వెళ్ళింది. మడమలు పగిలి రక్తం కారుతుంటే కొబ్బరినూనె రాసుకుని, తెల్లారి మళ్ళీ బురదలో దిగేది. మన వీధిలో అందరి మడమలూ అంతే కదా, ఎవరం పట్టించుకున్నాం?

ఒకరోజు మధ్యాహ్నమే ఇంటికొచ్చేసింది. అక్కడే నాకు తేడా అనిపించింది. అది పని మధ్యలో వదిలి వచ్చే మనిషి కాదు. గడపలో కూలబడి, "అత్తయ్యా, పిక్కలు ముట్టుకోనివ్వట్లేదు" అంది.

"ఊడుపుల్లో పిక్కలు నొప్పెట్టక నవ్వుతాయా?" అన్నాను.

సాయంత్రానికి చలిజ్వరం. మర్నాడు మా వీధిలో సూదులేసే డాక్టరు గారు వచ్చి నొప్పులకొకటి, జ్వరానికొకటి వేశారు. "వైరల్ అండి, మూడ్రోజుల్లో పోద్ది" అన్నారు. మూడ్రోజులకి పోలేదు సరికదా, కళ్ళు కలకొచ్చినట్టు ఎర్రబడ్డాయి. ఐదో రోజుకి పచ్చబడ్డాయి.

అది శనివారం. మా ఆశా అమ్మాయి చూసి, అప్పటికప్పుడు ఆటో ఎక్కించి పీహెచ్‌సీకి తీసుకెళ్ళింది. అక్కడి డాక్టరమ్మ గారు చిన్న వయసే. పిక్కలు నొక్కారు, మడమలు తిప్పి చూశారు.

"పొలంలో దిగుతారామ్మా? ఇది లెప్టో అనుకుంటున్నాను. ఎలుక జ్వరం. ఎలుక మూత్రం కలిసిన నీళ్ళు ఈ పగుళ్ళలోంచి ఒంట్లోకి వెళ్తాయి. బ్లడ్ పంపిస్తున్నాను కానీ రిపోర్టు కోసం ఆగొద్దు. డాక్సీసైక్లిన్ ఇస్తున్నాను, ఇవాళే మొదలెట్టండి. సోమవారం మళ్ళీ తీసుకురండి. ఈలోగా యూరిన్ తగ్గితే ఆ క్షణమే వచ్చేయండి" అన్నారు.

నా చెవికి ఇవేవీ ఎక్కలేదు. కళ్ళు పచ్చబడ్డాయంటే కామెర్లు. కామెర్లంటే పసరు. మీ నాన్న చంటిపిల్లాడప్పుడు నాకూ కామెర్లొచ్చాయి. మా అత్తగారు పసరు పోయిస్తే తగ్గాయి. నాకు అంతకన్నా రుజువేం కావాలి?

మర్నాడు ఆదివారం, గుడిలో ప్రార్థన కూడా మానేసి, బండి మీద మీ నాన్న, సువార్త, దాన్ని పట్టుకుని వెనకాల నేను, పసరు పోసే ఆయన ఊరు వెళ్ళాం. పరగడుపున పాలల్లో కలిపి తాగించారు. ఆయన్ని నేనేమీ అనను. పైసా తీసుకోరు, వచ్చిన వాళ్ళకి పోస్తారు. మీ నాన్న బయట బండి దగ్గరుంటే పథ్యం నాకు చెప్పారు: ఉప్పు, నూనె తగలకూడదు, చప్పిడి మజ్జిగన్నం, గురువారం రెండో మోతాదు పడేదాకా ఇంగ్లీషు మందు ముట్టకూడదు, ముడితే పసరు వికటిస్తుంది.

ఇక్కణ్ణించి నెమ్మదిగా రాయి.

సువార్త అడిగింది. "అత్తయ్యా, ఆ గొట్టం మాత్రలు వేసుకోనా? డాక్టరమ్మ గారు నిన్ననే మొదలెట్టమన్నారు" అని. "గురువారం దాకా ఆగు" అని చెప్పి, మాత్రలు తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పెట్టేశాను. మీ నాన్నకి చెప్పలేదు. సోమవారం ఆశా అమ్మాయి వచ్చి, "మాత్రలు వేస్తున్నారా మామ్మా? ఆసుపత్రికి రాలేదేం?" అంటే, "వేస్తున్నామమ్మా, తగ్గింది, పడుకుంది" అన్నాను.

అలా చూడకే. రాయి.

మంగళవారానికి సువార్త లేచి కూర్చోలేకపోయింది. మజ్జిగన్నం కక్కేసింది. పొద్దుటినించి ఒంటికి వెళ్ళిందా అంటే గుర్తులేదంది. బుధవారం పొద్దున్న పిలిస్తే సగం మాట పలికి కళ్ళు మూసేసింది. ఆశా అమ్మాయే 108కి ఫోన్ చేసింది. కాకినాడ తీసుకెళ్ళాం.

పెద్దాసుపత్రిలో డాక్టరు గారు రిపోర్టులు చూసి మీ నాన్నతో, "క్రియాటినిన్ బాగా పెరిగింది, కిడ్నీలు దెబ్బతిన్నాయండి. ప్లేట్‌లెట్స్ పడిపోయాయి. డయాలిసిస్ పెట్టాలి" అన్నారు. తర్వాత పీహెచ్‌సీ చీటీ చూశారు. "డాక్సీ రాశారుగా. వేసుకుందా?"

మీ నాన్న నా వైపు చూశాడు.

"నాలుగు రోజుల్నించీ వేస్తున్నామండి" అన్నాను.

ఆయన పక్కనున్న చిన్న డాక్టరుతో, "నాలుగు రోజులు డాక్సీ పడినా ఇంత దిగజారిందంటే, ఇది లెప్టో కాకపోవచ్చు. వేరే దారిలో చూద్దాం" అంటూ నడిచారు.

వేరే దారి. ఆ మాట నాకు అర్థమైంది. నేను చెప్పిన అబద్ధం పట్టుకుని, వాళ్ళు లేని జబ్బుని వెతకబోతున్నారు. ఇక్కడ కోడలి ప్రాణం కొట్టుకుంటోంది. నోరు తెరిస్తే కొడుకు ముందు నేనేమవుతాను? ఆయన వార్డు తలుపు దాటుతుంటే వెనకాలే పరిగెత్తాను.

"అయ్యా, ఒక్క మాత్ర కూడా వెయ్యలేదండి. పసరు పోయించాను. మాత్రలు నేనే దాచేశాను."

మీ నాన్న, "అమ్మా" అన్నాడు. తిట్టినా బావుండేది.

డాక్టరు గారు కోప్పడలేదు. "ఏం ఆకు?" అన్నారు. "చెప్పరండి." "నొప్పి ఇంజక్షన్లు ఎన్ని?" అది కూడా చెప్పాను. "అవి కూడా కిడ్నీ మీద పడతాయమ్మా. సరే, ఇప్పటికైనా చెప్పారు" అని లోపలికెళ్ళి లెప్టోకి ఇంజక్షన్లు మొదలెట్టించారు.

మూడు డయాలిసిస్‌లు అయ్యాయి. రెండోది అయ్యాక ఊపిరి అందక ఆక్సిజన్ పెట్టారు. ఆ రోజు నేను ప్రార్థన కూడా చెయ్యలేదు, ఏ మొహంతో చెయ్యను? మంచం కింద యూరిన్ బ్యాగ్ ఒక్కటే చూస్తూ కూర్చున్నాను. ఐదో రోజు నర్సమ్మ వంగి చూసి, "మామ్మగారూ, రెండొందలు వచ్చింది, మీ కోడలు గట్టిదే" అంది. మనిషి ఒంటికి పోస్తే ఇంత సంతోషమేంటని నాకే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఇంటికి పంపే రోజు డాక్టరు గారిని అడిగాను, మరి నాకప్పుడు పసరుతో ఎలా తగ్గిందండీ అని. "మీకొచ్చింది తాగే నీళ్ళ వల్ల వచ్చే కామెర్లయి ఉంటుంది. అది చాలామందికి దానంతటదే తగ్గుతుంది. పేరు పసరుకొచ్చింది. పచ్చకళ్ళన్నీ ఒక జబ్బు కాదమ్మా" అన్నారు.

ఇప్పుడు సువార్త బాగుంది. కిడ్నీ టెస్టు మామూలుగా వచ్చింది. ఈ ఏడు మళ్ళీ ఊడుపులకి వెళ్ళింది, పగుళ్ళు మానేదాకా ఆగి, కాళ్ళకి బూట్లేసుకుని. "ఏంటే, మిలట్రీలో చేరావా?" అని తోటివాళ్ళు ఏడిపించారు. ఇప్పుడు వాళ్ళలో నలుగురు కొనుక్కున్నారు.

చదివే వాళ్ళకి నేను చెప్పేది ఒకటే. పసరు పోయించారో, సూది వేయించారో, మాత్ర మానేశారో, ఏం చేసినా సరే, డాక్టరు అడిగినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పేయండి. సిగ్గుపడితే పోయేది మన పరువు కాదు, మంచం మీదున్న మనిషి.

ఆగు, పెన్ను మూయకు. ఇంకోటుంది. నేను మాత్రలు దాచి, వేస్తున్నామని డాక్టరుతో అబద్ధమాడిన సంగతి మీ నాన్న మీ అమ్మకి చెప్పాడో లేదో నాకు తెలీదు. అది ఇంతవరకూ ఒక్క మాట అడగలేదు. నేనూ చెప్పలేదు, ఏడాదైంది. అది పత్రికలో చూసి తెలుసుకోవడం బాగోదు కదా, అందుకని ఇది వేరే కాగితం మీద దాని పేరు పెట్టి రాయి. సువార్తా, ఆ రోజు నువ్వు మాత్రలు వేసుకోనా అని అడిగినప్పుడు నేను నిన్ను

"అత్తయ్యా, అన్నం వడ్డించేశాను, లేచి రండి. దాన్ని కూడా తీసుకురండి."

ఆఁ, వస్తున్నానమ్మా.