ప్లాస్టిక్ వంకాయల తూకం

ఆ రోజుల్లో, త్రాసు ముల్లు మధ్యన నిలిస్తే లోకం సవ్యంగా ఉన్నట్టేనని నా దృఢ విశ్వాసం. తూనికలు, కొలతల శాఖలో తనిఖీ అధికారిగా పదవీ విరమణ చేసి, తాతగా కొత్త ఉద్యోగంలో చేరిన కాలమది (చేరిన తేదీ చెప్పగలను, మీరు అడగరని ఊరుకుంటున్నాను). మా అమ్మాయి సెలవు ముగిసి, సోమవారం నుంచి హైటెక్ సిటీలోని ఆఫీసుకు వెళ్లాలి. మూడేళ్ల మనవరాలు గువ్వ మాత్రం కొత్తగూడ డేకేర్‌లో నా చూపుడు వేలు విడిచేది కాదు, ఎవరితోనూ పలికేది కాదు. "శుక్రవారంలోపు అలవాటు పడకపోతే ఇంకొన్నాళ్లు ఇంట్లోనే ఉంచుకోండి సార్" అని టీచరమ్మ మెత్తగా చెప్పింది. "నాన్నా, మళ్లీ సెలవంటే మా మేనేజరు ఒప్పుకోడు" అని అమ్మాయి అంతకంటే మెత్తగా చెప్పింది. అందుచేత వేలితో సహా నేనూ పిల్లల గదిలో ఒక మూల, మోకాళ్లు గడ్డానికి తగిలే కుర్చీలో హాజరవుతుండేవాణ్ణి.

గురువారం కూరగాయల అంగడి ఆట పెట్టారు. అట్టపెట్టెల కొట్టు, ప్లాస్టిక్ కూరగాయలు, డబ్బులుగా రంగు కాగితాలు, ఒక బొమ్మ త్రాసు. "బరువేదో తేలికేదో ఆటలోనే తెలుస్తుందండీ" అన్నది టీచరమ్మ. అంతలో గువ్వ నా వేలు వదిలి, తిన్నగా వెళ్లి కొట్టు వెనుక కూర్చుంది! నేను ఆనందించవలసిన క్షణమది. నేనేమో త్రాసును చూశాను. ఖాళీగా ఉండగానే ఎడమ పళ్లెం కిందికి వాలి ఉంది. పైగా శాఖ ముద్ర లేదు.

"ఆగండి, ఈ త్రాసు చెల్లదు" అన్న మాట నా నోటినుంచి దానంతటదే వెలువడింది. త్రాసును స్వాధీనం చేసుకుని, దోషం సవరించే సదుద్దేశంతో కుడి పళ్లెం కింద ఆట మట్టి ముద్ద అంటించాను (పళ్లెం కింద చింతపండు అంటించిన వర్తకుల మీద కేసులు రాసినవాణ్ణి నేనే). ఈసారి కుడివైపు ఒరిగింది. కొనవచ్చిన పిల్లలు కాగితాలు పట్టుకుని నోళ్లు తెరిచారు. గువ్వ కింది పెదవి వణికింది.

"తాతా! నా కొట్టు!"

ఆ గదిలో అది పలికిన మొదటి మాట నా మీద ఫిర్యాదు.

"ఏంది సార్ గిది?" పిల్లల ఆలనాపాలనా చూసే ఆయమ్మ నడుము మీద చేతులు పెట్టుకున్నది. "బోణీ గాకముందే పిల్ల దుకాణం బంద్ జేస్తిరి!"

"త్రాసులో దోషం ఉందమ్మా."

"వంకాయ ప్లాస్టిక్‌దైతే లేని పరేషాన్, తరాజు వంకరుంటే ఎందుకు సార్? జర పిల్ల మొఖం జూడుండ్రి!"

చూశాను. శుక్రవారం, మేనేజరు, సోమవారం అన్నీ ఆ ముఖంలోనే కనిపించాయి. మట్టి ఊడదీసి, త్రాసును సగౌరవంగా కొట్టు మీద పెట్టి, వెళ్లి వరుస చివర నిలబడ్డాను.

నా వంతు వచ్చింది. "వంకాయలు కావాలమ్మా" అన్నాను. గువ్వ నన్ను అనుమానంగా చూసి, ఒక పళ్లెంలో వంకాయ, రెండో దానిలో తూకపు రాయికి బదులు రబ్బరు ఏనుగును ఉంచింది. వంకాయే బరువు తూగింది.

"సరిగ్గా ఉందా, తాతా?"

ఆయమ్మ నన్నే చూస్తున్నది.

"సరిగ్గా ఉందమ్మా" అన్నాను. అధికారికంగా నేనిచ్చిన తొలి తప్పుడు ధ్రువీకరణ అది.

గువ్వ సంతోషించి, ఒక టమాటాను నా చొక్కా జేబులో కుక్కి, "కొసరు" అన్నది (రైతుబజారులో వాళ్ల అమ్మమ్మ పేచీ పెట్టి అడిగే మాట, తూకానికి మించినదేదీ ముట్టరాదని నేను పక్కకు తిరిగి నిలబడే మాట). ఆ వెంటనే, "తాతా, నువ్వు ఇంటికి పో. నాకు చాలా పనుంది" అని నా వెనుక చేరిన పిల్లను పిలిచింది.

సోమవారం మా అమ్మాయి ఆఫీసుకు వెళ్లింది. గువ్వ ఇప్పుడు నా చేతిలో సంచీ పెట్టి, కూరగాయల బేరం తానే ఆడుతుంది. నా బల్ల మీద ఇత్తడి త్రాసు ఉంది, ముల్లు మధ్యనే నిలుస్తుంది. దాని పక్కనే ఆ టమాటా. అన్నీ కొలిచి చూసుకునే మనిషినే గానీ, దాన్ని మాత్రం ఇంతవరకు తూచలేదు.