కరెంటు పెట్టాక పద్నాలుగేళ్లు

మంగళవారం పొద్దున గుంటూరు నుంచి వచ్చిన మొదటి బస్సుతో కబురొచ్చింది, మా పక్కింటి బాబాయి ఆస్పత్రిలో పోయారని. ఆయన నాకు చుట్టం కాదు. నేను పెళ్లయి ప్రత్తిపాడు వచ్చి బళ్లో టీచరుగా చేరినప్పటి నుంచీ ఆయన బాబాయి, ఆయన భార్య పిన్ని.

పద్నాలుగేళ్ల కిందట ఆయనకి బీజంలో కేన్సరు గడ్డ లేచింది. సిగ్గుతో కొన్ని నెలలు దాచారు. చివరికి మద్రాసులో ఆపరేషన్ చేసి, పొట్ట మీద కరెంటు పెట్టారు. రేడియేషన్‌ని మా వైపు అలాగే అంటాం. బతికొచ్చాక మాత్రం ఏదీ దాచలేదు. టీకొట్టు దగ్గర నలుగురిలోనే చెప్పేవారు: "చెయ్యి విరిగితే చెప్తాం గదా, ఇదెందుకు దాచాలి?"

ఆ మాట వినే, మా వీధి చివర ఉండే ఓ పత్తి రైతు తనకీ అలాంటి గడ్డే ఉందని ఆయనతో చెప్పుకున్నాడు. బాబాయే మద్రాసు తీసుకెళ్లారు. అతనికీ అదే వైద్యం. బతికాడు.

కిందటేడు బాబాయికి కడుపులో నొప్పి మొదలైంది. కారం పడలేదనుకుని సోడాలు తాగుతూ నెట్టుకొచ్చారు. తీరా చూపిస్తే కడుపులో కేన్సరు.

"పాతది తిరగబెట్టలేదండి. ఇది కొత్తది. అప్పటి రేడియేషన్ వల్ల కావచ్చు, ఖాయంగా చెప్పలేను," అన్నారు డాక్టరు గారు.

"బతికించిందనుకున్నదే ప్రాణం తీస్తోందా?" అని పిన్ని ఏడ్చింది.

"అప్పుడు మనమ్మాయికి ఏడాది. ఆ కరెంటు పెట్టకపోతే దానికి నా మొహం కూడా గుర్తుండేది కాదు," అన్నారు బాబాయి.

ఓ సాయంత్రం ఆ పత్తి రైతు వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. నేను బార్లీ నీళ్లు కలుపుతున్నాను.

"అన్నా, నాకూ వస్తుందా?"

రాదని చెబితే బాగుండునని నా మనసు కొట్టుకుంది. ధైర్యం చెప్పడమంటే అబద్ధం చెప్పడమేనని అప్పటిదాకా అనుకునేదాన్ని.

"రావచ్చురా. అందరికీ రాదన్నారు. నొప్పొస్తే నాలాగా ఊరుకోకు. నీకు కరెంటు పెట్టారని ముందు నువ్వే డాక్టరుకి చెప్పు."

"నువ్వే గదన్నా నన్ను తీసుకెళ్లింది!"

"నేనే. మళ్లీ అయినా తీసుకెళ్తా."

అతను గిరుక్కున తిరిగి వెళ్లిపోయాడు. వారం రోజులు గడప తొక్కలేదు. ఎనిమిదో రోజు వచ్చి ఆయనకి గడ్డం గీశాడు. ఆ గీసినంతసేపూ బాబాయి కళ్లు మూసుకుని చుబుకం ఎత్తి పెట్టారు.

దహనం అయిన మర్నాడు మధ్యాహ్నం చూస్తే, బాబాయి కళ్లంలో ఎండబోసిన మిరపకాయల్ని అతనొక్కడే కాళ్లతో తిరగేస్తున్నాడు. పిన్ని మజ్జిగ తెచ్చి, "కాసేపు కూర్చో నాయనా," అంది. నిలబడే తాగి, గ్లాసు ఆమె చేతికిచ్చి, మళ్లీ ఆ ఎర్రటి ఎండలోకి నడిచాడు.