సమానం సారు ఇసుక గడియారం

సమానం సారుకి ఉన్న పిచ్చి ఒక్కటే. ఏ పనికైనా ఒకే పద్ధతి ఉండాలి, అది అందరికీ ఒకేలా ఉండాలి. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, జీతాల గుమాస్తా తప్ప ఆసుపత్రిలో అందరూ దాన్ని మర్చిపోయారు.

ఆయన టీ పోయడం చూస్తే చాలు. కప్పులన్నీ వరసగా పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, ఒక కన్ను మూసి అంచులు చూసేవారు. ఎవరికైనా ఓ చుక్క ఎక్కువైతే చెంచాతో తీసి పక్క కప్పులో వేసేవారు. పంపకం పూర్తయ్యేసరికి టీ చల్లారిపోయేది. అదీ అందరికీ సమానంగానే.

స్పెషలిస్టు శిక్షణకి అన్ని విభాగాల్లోనూ ఒకే నియమావళి ఉండాలని ఆసుపత్రి వాళ్లకి బుద్ధి పుట్టింది. అది రాసే పని ఇలాంటి మనిషికి అప్పగించారు. అప్పటిదాకా ఏ విభాగాధిపతికి తోచింది ఆ విభాగానికి చట్టం.

సర్జరీలో చట్టం పెద్ద సర్జన్ గారి నోరు. అందరి ముందూ నిలబెట్టి ప్రశ్నలు అడగడమే పరీక్ష. అక్కడ శిక్షణ పొందుతున్న కుర్ర డాక్టరు ఒకడికి చెయ్యి వణికేది కాదు గానీ మాట గొంతులో ఇరుక్కునేది. తోటివాళ్లు అతనికి నిదానం అని పేరు పెట్టారు. నిదానం మొదటి అక్షరం దగ్గర ఆగగానే పెద్ద సర్జన్ మిగతా వాక్యం తానే పూర్తిచేసేవారు. అదీ తప్పుగా పూర్తిచేసి, "తప్పు, కూర్చో" అనేవారు.

అలా రెండు పరీక్షలు పోయాయి. మూడోది కూడా పోతే ఇంటికి పంపించేస్తారు.

"మెకానిక్ షెడ్డు పెట్టుకోరా. బండ్లు ప్రశ్నలడగవు," అన్నాడు ఎక్స్‌ప్రెస్. ప్రశ్న పూర్తికాకుండానే జవాబు చెప్పి ఆ పేరు తెచ్చుకున్న తోటి డాక్టరు.

నిదానం నవ్వాడు. నవ్వడానికి నత్తి అడ్డురాదు.

రెండో పరీక్ష రోజు సమానం సారు వెనక బెంచీలో కూర్చుని ఉన్నారు. తర్వాత నియమావళి మీద విభాగాధిపతులతో జరిగిన మీటింగుకి జేబులో ఇసుక గడియారం వేసుకుని వచ్చారు.

"ప్రశ్న అడిగినవాళ్లు దీన్ని తిప్పాలి. ఇసుకంతా జారేదాకా అడిగినవాళ్లు నోరు మెదపకూడదు."

"గుడ్లు ఉడకబెట్టుకునేది కదండీ ఇది?" అన్నారు పెద్ద సర్జన్.

"అవునండీ. ఇంట్లో మా ఆవిడ వెతుక్కుంటోంది."

"నన్ను నోరు మూసుకోమంటారు."

"మిమ్మల్ని ఒక్కర్నే కాదండీ. పిల్లల విభాగం, కళ్ల విభాగం, ఎక్స్‌రే, అందరికీ ఒకటే."

మిగతావాళ్ల నోళ్లూ మూతపడతాయని తెలిశాక పెద్ద సర్జన్ గారికి అభ్యంతరం సగం తగ్గింది. మిగతా సగం టీతో మింగారు.

మూడో పరీక్ష రోజు మొదట ఎక్స్‌ప్రెస్‌ని పిలిచారు. గడియారం తిప్పేలోపే సరైన జవాబు చెప్పేశాడు. ఇసుక జారుతోంది. పెద్ద సర్జన్ మాట్లాడరు. ఆ నిశ్శబ్దం తట్టుకోలేక ఎక్స్‌ప్రెస్ జవాబు కొంచెం మార్చాడు. మార్చినదాన్ని మళ్లీ మార్చాడు. ఇసుక అయిపోయేసరికి, తన జవాబులో చెడిన అపెండిక్స్ వదిలేసి బాగున్న కిడ్నీ తీసేశాడు.

తర్వాత నిదానం. గడియారం తిరిగింది. మాట ఇరుక్కుంది. పెద్ద సర్జన్ పెదవులు విచ్చుకున్నాయి. వెనక బెంచీలో సమానం సారు దగ్గారు. పెద్ద సర్జన్ నోరు మూసి మీసం కొరుక్కున్నారు. అంతలో ఆ మాట బయటపడింది. దాని వెనకే మిగతావీ వచ్చాయి, ఆగుతూ, ఒక్కటీ పొల్లుపోకుండా. జవాబు పూర్తయ్యేసరికి గడియారంలో ఇంకా ఇసుక ఉంది.

"ఇన్నాళ్లూ నువ్వు చెప్పబోయింది ఇదా?" అన్నారు పెద్ద సర్జన్, ఇసుక పూర్తిగా జారాక. "పాస్."

సాయంత్రం నిదానం సమానం సారు గదికి వెళ్లాడు. సారు టీ పోస్తున్నారు.

"సార్, ఎ... ఎక్స్‌రే వాళ్లది రాత పరీక్షే కదా. అక్కడ గడియారం ఎందుకు?"

"సర్జరీలో ఒక్కచోటే పెడితే ఎవరి కోసమని అడగరూ?" అనేసి, సారు నాలుక్కరుచుకున్నారు. "టీ తాగు. చల్లారిపోతుంది."

రెండు కప్పులూ పక్కపక్కనే ఉన్నాయి. నిదానం వంగి, ఒక కన్ను మూసి చూశాడు.

"సార్, నా కప్పులో ఎ... ఎక్కువుంది."

సమానం సారు చెంచా జోలికి పోకుండా ఇసుక గడియారం తిప్పి, అంతా జారేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.