గోడ చూడకుండా వేసిన శిక్ష

మా ఇంట్లో టీవీకి వేళలు ఉన్నాయి. సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా మనవరాలిది. ఆ తరువాత మా ఆవిడ సీరియళ్లు. అన్నీ అయ్యాక నా వార్తలు. ఈ పంపకం చేసింది మనవరాలే. ఒకటో తరగతి చదువుతోంది, పుంగనూరులో మా దగ్గరే ఉంటోంది. వాళ్లమ్మ, అంటే మా అమ్మాయి, కుప్పంలో నర్సు. ఒక వారం పగటి డ్యూటీ, ఒక వారం రాత్రి డ్యూటీ. అల్లుడు పొద్దున్నే రైలెక్కి బెంగళూరుకు పోయి చీకటిపడ్డాక వస్తాడు. పాపను చూసుకునే మనిషి లేక మా దగ్గర వదిలారు. ఒక్క ఏడాదే అన్నారు. రెండేళ్లయింది.

ఒక ఆదివారం అమ్మాయి ఫోన్ చేసింది.

"నాన్నా, పాప నా కాడికి వచ్చేస్తానంటాండాది. నిన్న ఫోన్లో ఒకటే ఏడుపు. నువ్వొకసారి రా, మాట్లాడుకుందాం."

నాకు ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. రోజూ బడికి దిగబెట్టేది నేను, జడ వేసేది వాళ్లవ్వ, జ్వరమొస్తే పక్కన పడుకునేది మేమిద్దరం. మా ముందు ఎప్పుడూ ఒక్క మాట అనలేదు.

మంగళవారం కుప్పం పోయాను. పలమనేరులో బస్సు మారి, వి.కోట మీదుగా. అమ్మాయికి డ్యూటీ మధ్యలో అరగంట దొరికింది. ఏడాది మధ్యలో బడి మార్చడం మంచిది కాదన్నాను. నీ డ్యూటీలకు ఎట్లా కుదురుతుందన్నాను. ఆమె అంతా విని ఒకటే అడిగింది: "నువ్వు దాన్ని అడిగినావా నాన్నా?" నేను టీ తాగేశాను. తిరుగు బస్సులో వి.కోట దాకా నిలబడే వచ్చాను.

మా వీధిలో అడుగు పెట్టేసరికి ఐదున్నర. మా గేటు ముందు పక్కింటావిడ నిలబడి ఉంది. వాళ్లాయనకు మదనపల్లెలో టమోటా మండీ ఉంది. ఆ రోజంతా ఇద్దరూ అక్కడే ఉండి అప్పుడే వచ్చారు. వారం కిందటే ప్రహరీ గోడకు లేత ఆకుపచ్చ రంగు వేయించుకున్నారు.

"అన్నా, మీ పాప చేసిన పని సూడు. కొత్త గోడ. ఎర్ర సుద్దతో ఇంటూ గుర్తులంట, బాణాలంట, ఏందేందో గీసి పెట్టింది."

"మా పాపేనా?"

"చేతులు సూడన్నా, నేను చెప్పేదెందుకు!"

మనవరాలు గడప దగ్గర నిలబడి ఉంది. రెండు అరచేతులూ ఎర్రగా ఉన్నాయి. ఇంకేం కావాలి? అక్కడే, పక్కింటావిడ వింటుండగా, ఎదురింటి వాళ్లు తలుపు తీసి చూస్తుండగా అన్నాను.

"ఈ రోజు నుంచి వారం దాకా నీకు టీవీ లేదు. ఏం చేసినావో నీకు తెలుసు."

పాప నా ముఖం చూసింది. తరువాత చిన్నగా, "తెలుసు" అంది. ఒప్పుకుంది కదా, పని అయిపోయింది అనుకున్నాను. కాళ్లు కడుక్కుని పడుకున్నాను.

శిక్ష వేయడం ఒక నిమిషం పని. కాపలా కాయడం రోజంతా పని. బుధవారం ఆరింటికి పాప అలవాటు ప్రకారం టీవీ ముందుకు వచ్చి, గుర్తొచ్చి, వెనక్కి తిరిగింది. ఏడింటికి మా ఆవిడ రిమోట్ అందుకుంటే వద్దన్నాను. ఒకే గది లాంటి ఇల్లు మాది, పెడితే పాపకూ కనబడుతుంది.

"అంటే నాకూ వేసినారా శిక్ష? నేనెవరి గోడ గీసినా?" అంది మా ఆవిడ.

"వారమే కదా."

"వారం మీకేం, మీరు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుంటారు. ఆ సీరియల్లో పెండ్లి ఆగిపోయి ఉండాది. ఆ పిల్ల గతేంది?"

గురువారం పాప వంటింటి మెట్టు మీద కూర్చుంది. అక్కడికి పక్కింటి టీవీ శబ్దం వినిపిస్తుంది. బొమ్మలు లేకుండా, గొంతులు మాత్రం వింటూ, తనకు తెలిసిన చోట నవ్వుతోంది. చూసీ చూడనట్టు ఊరుకున్నాను. అది శిక్ష తప్పించుకోవడం కిందికి వస్తుందా రాదా అని ఆలోచించే ఓపిక లేదు. శుక్రవారం నా దగ్గరికి వచ్చి, "తాతా, ఇంకా ఎన్ని దినాలుండాయి?" అని అడిగింది. లెక్క చెప్పాను. వేళ్లు మడిచి చూసుకుని వెళ్లిపోయింది. అలిగితే బాగుండేదనిపించింది. ఆ పిల్ల అంత బుద్ధిగా ఉండటం ఇంట్లో గాలి ఆడనట్టుగా ఉంది.

శనివారం పొద్దున పాలకు బయలుదేరాను. చౌడేపల్లె నుంచి పాలు తెచ్చే అతను మా వీధి చివర బండి ఆపుతాడు. పక్కింటి గోడ పక్కగా నడుస్తూ, ఎందుకో తల తిప్పి చూశాను. ఎర్ర గీతలు సరిగ్గా నా కళ్ల ఎత్తున ఉన్నాయి. మా పాప తల నా నడుముకు వస్తుంది. చెయ్యి ఎత్తినా అందదు. ఒక ఇంటూ గుర్తు, పక్కన ఇంటి నంబరు, కింద తేదీ, తరువాతి ఇంటి వైపు ఒక బాణం.

పాల గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. పోలియో చుక్కలు వేసేవాళ్లు ఇంటింటికీ తిరిగి గోడ మీద పెట్టే గుర్తు అది. తాళం వేసిన ఇంటికి ఇంటూ పెడతారు, మళ్లీ రావాలని. వెనక్కి వచ్చి మా గేటు స్తంభం చూశాను. దాని మీదా ఉంది, ఇంటూ లేకుండా. ఎదురింటికీ ఉంది. నాలుగు రోజులుగా ఆ గేటు తీస్తూ, మూస్తూనే ఉన్నాను. విలేకరిగా ఉన్నన్నాళ్లూ ఆ కార్యక్రమం గురించి ఏటా వార్త రాసినవాణ్ని.

మదనపల్లెలో నేను పనిలో చేరిన కొత్తలో ఒక పెద్దాయన నా వార్తలు దిద్దేవాడు. కాగితం చేతికి తీసుకునే ముందే "పోయి సూసినావా?" అనేవాడు. ఒకసారి పెద్దమండ్యంలో వడగళ్లకు టమోటా పోయిందని ఫోన్లో విని రాసుకుపోతే, కాగితం ముట్టుకోకుండా నన్ను బస్సెక్కించాడు. ముప్పై ఏళ్లు ఆ ప్రశ్నకు భయపడి బతికాను. మా గేటుకు పది అడుగుల దూరంలో ఉన్న గోడ దగ్గరికి మాత్రం పోలేదు.

ఇంటికి వచ్చి పాపను పిలిచాను. పళ్లు తోముకుంటూ వచ్చింది.

"ఆ గోడ మీద రాసింది ఎవరమ్మా?"

"చుక్కల మందు అక్క. నేను సుద్ద పట్టుకున్నా. నాకు చుక్కలెయ్యలేదు, పెద్దదానివైపోయినావనింది."

"మరి ఆ రోజు చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదే."

"ఏం చేసినావో నీకు తెలుసు అంటే, తెలుసు అన్నావు కదా?"

పాప బ్రష్ నోట్లోంచి తీసింది. నేల చూస్తూ చెప్పింది.

"అమ్మకాడికి పోతానని ఫోన్లో చెప్పినా కదా. దానికే నీకు కోపమొచ్చి కుప్పం పోయినావు. వచ్చి టీవీ తీసేసినావు. ఇంక చెప్పనులే తాతా."

కుర్చీలో కూర్చున్నాను. కాదమ్మా, గోడ గురించే అని చెప్పబోయాను. కానీ కుప్పం నుంచి వచ్చిన ఆ దారంతా నేను గోడ గురించి ఆలోచించలేదు. రెండేళ్లు పెంచితే ఇట్లా అంటుందా అనే ఆలోచిస్తూ వచ్చాను. గోడ దారిలో దొరికింది, అంతే. ఆరేళ్ల పిల్ల నా కోపాన్ని నాకంటే సరిగ్గా చదివింది. ఇంకో మూడు రోజులు ఆ గోడ వైపు చూడకుండా ఉంటే, అమ్మ కావాలని అడగడం తప్పు అని పూర్తిగా నేర్చుకునేది.

తప్పు గేటు దగ్గర చెప్పాను కాబట్టి దిద్దుబాటూ అక్కడే చెప్పాలి. పాప చెయ్యి పట్టుకుని పక్కింటావిణ్ని పిలిచాను. గుర్తు చూపించాను, మా స్తంభం మీదిదీ చూపించాను.

"అయ్యో, అదా! నేనేందో అనుకుంటి," అందావిడ. పాప గడ్డం పట్టుకుంది. "మీరన్నా అప్పుడే సూసి చెప్పకూడదా అన్నా, పేపరాయన గదా మీరు!"

"నేనే చూడలేదమ్మా. మా పాప తప్పు లేదు. తప్పు నాది," అన్నాను, ఎదురింటికీ వినబడేట్టు.

సాయంత్రం ఆరింటికి నేనే టీవీ పెట్టి పాపను పిలిచాను. వచ్చింది కానీ కూర్చోలేదు.

"తాతా, అమ్మకాడికి పోతానంటే మళ్లా తీసేస్తావా?"

"తీసెయ్యను."

"పోవచ్చునా?"

"పోవచ్చు. పెద్ద సెలవులు రానీ, నేనే తీసుకపోతా."

"నిజంగా?"

"నిజంగా."

"అయితే ఫోన్ ఇయ్యి."

ఫోన్ తీసుకుని మెట్టు మీదికి పోయింది. తాత పోవచ్చన్నాడని చెబుతోంది, సెలవులు ఎప్పుడని అడుగుతోంది. వంటింట్లో మా ఆవిడ గిన్నెల చప్పుడు ఆపింది. టీవీలో బొమ్మలు పరుగులు తీస్తున్నాయి, పడుతున్నాయి, లేస్తున్నాయి. ఆ గంట పాపది కనుక ఆర్పలేదు. నేనొక్కణ్నే కూర్చుని ఏడు దాకా చూశాను.